నెట్‌వర్క్ నిల్వలో మందగతి: కారణనిర్ధారణ చరిత్ర - తెలుగు గ్రంథసేకరణల అనుభవం

వ్యాససంగ్రహం

ఒక యంత్రంలో భద్రపరచిన ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా వేరొక యంత్రం నుండి చదివే పద్ధతి 1980 దశకంలో స్థిరపడింది. దానితోపాటే మందగతి సమస్య కూడా మొదలైంది. లైనక్స్ సర్వర్లలో ఈ సమస్యను నిర్ధారించే పద్ధతులు ఎలా రూపొందాయో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు గ్రంథాలను చదివిన అనుభవాన్నీ, బాన్సువాడలో ఒక చిన్న గ్రంథసేకరణను నిర్వహించిన అనుభవాన్నీ ఆ చరిత్ర వెలుగులో చర్చిస్తుంది. మందగతికి మూలం చాలా సందర్భాలలో తీగ సామర్థ్యంలో కాక ప్రతి చిన్న అభ్యర్థనకూ జరిగే నిరీక్షణలో ఉంటుందనీ, ఆ నిరీక్షణలో కొంత భాగం పాఠభద్రతకు చెల్లించే మూల్యమనీ, దానిని గుర్తించకుండా తొలగిస్తే పాఠమే నష్టపోతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నెట్‌వర్క్ నిల్వ, లైనక్స్, ఎన్.ఎఫ్.ఎస్., జాప్యం, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, పాఠభద్రత, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య పరిశోధకుడు నేడు గ్రంథాలయంలో గడిపే కాలం కంటే తెర ముందు గడిపే కాలమే ఎక్కువ. పాత పత్రికలు, తొలి ముద్రణలు, చేతిరాత పుస్తకాలు చిత్రాలుగా మారి ఎక్కడో ఒక సర్వరులో ఉంటున్నాయి. అవి ఉన్నాయా లేవా అన్న ప్రశ్నకు సూచిక సమాధానం చెబుతుంది. చదవడానికి అందుతున్నాయా లేదా అన్నది వేరే ప్రశ్న. ఒక పుట తెరుచుకోవడానికి అర నిమిషం పడితే, మూడు వందల పుటల గ్రంథాన్ని తిరగేయడానికి రెండున్నర గంటలు కేవలం ఎదురుచూడటానికే సరిపోతుంది. అటువంటి గ్రంథం సూచికలో ఉన్నా పరిశోధనలోకి రాదు.

బాన్సువాడ ప్రాంతంవారికి ఈ పరిస్థితిని వివరించడానికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. మంజీరా నదిపై 1923లో నిర్మాణం ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు సాగుకు ఆధారం. జలాశయం నిండుగా ఉన్నంత మాత్రాన కాలువ చివరి పొలానికి నీరందుతుందని చెప్పలేము. తూము సరిగా ఎత్తారా, ప్రధాన కాలువలో పూడిక ఉందా, ఉపకాలువకు ఎక్కడైనా గండి పడిందా అని ఒక్కొక్క చోటా చూడాలి. చివరి ఆయకట్టు రైతుకు కనిపించేది నీరు రాకపోవడం ఒక్కటే. కారణం మాత్రం పై దారిలో ఎక్కడైనా ఉండవచ్చు. నెట్‌వర్క్ నిల్వలోనూ ఇదే స్థితి. పాఠకుడికి కనిపించేది 'నెమ్మది' అన్న ఒక్క లక్షణం. దానికి మూలం డిస్కులో, ఫైలు వ్యవస్థలో, సర్వరు నియమాలలో, తీగలో, పాఠకుని యంత్రంలో ఎక్కడైనా ఉండవచ్చు.

ఈ వ్యాసంలో 'నెట్‌వర్క్ నిల్వ' అంటే ఒక సర్వరులోని ఫైళ్లను ఇతర యంత్రాలు తమ సొంత ఫైళ్లవలె వాడుకొనే ఏర్పాటు. 'జాప్యం' అంటే ఒక అభ్యర్థన పంపిన క్షణం నుండి సమాధానం అందే క్షణం వరకు గడిచే కాలం. 'బాండ్‌విడ్త్' అంటే ఒక సెకనులో దారి మోయగల సమాచార పరిమాణం. ఈ చివరి రెండింటినీ ఒకటిగా భావించడమే కారణనిర్ధారణలో తరచు జరిగే మొదటి పొరపాటు.

2. రెండు మార్గాలు: అడిగి చదవడం, తెచ్చుకొని చదవడం

1980 దశకంలో దూరపు ఫైళ్లను అందించడానికి రెండు భిన్నమైన ఆలోచనలు దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకున్నాయి. మొదటిది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. దీనినే ఎన్.ఎఫ్.ఎస్. అంటారు. దీని రెండవ వెర్షన్ 1985లో వెలుగులోకి వచ్చింది. 1989లో ఆర్.ఎఫ్.సి. 1094గా దాని నిర్దేశం ప్రచురితమైంది. ఇందులో పాఠక యంత్రం తనకు కావలసిన భాగాన్ని ముక్కముక్కగా సర్వరును అడుగుతుంది. ఒక్కొక్క అభ్యర్థనలో గరిష్ఠంగా 8 కిలోబైట్లు మాత్రమే చదవవచ్చు లేదా రాయవచ్చు. సర్వరు ఎవరు ఏ ఫైలు తెరిచారో గుర్తుపెట్టుకోదు. అందువల్ల సర్వరు ఆగి మళ్లీ లేచినా పాఠక యంత్రాలు అదే అభ్యర్థనను మళ్లీ పంపుతూ పని కొనసాగించగలవు.

రెండవది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఐ.బి.ఎం. సహకారంతో సాగిన ఆండ్రూ ప్రాజెక్టులో పుట్టిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన ఎం. సత్యనారాయణన్ దీని రూపకర్తలలో ముఖ్యుడు. ఇందులో తొలి రూపాలలో ఫైలు తెరవగానే అది పూర్తిగా పాఠకుని యంత్రంలోని డిస్కులోకి వచ్చేది. ఆ తరువాత చదువంతా స్థానికంగానే జరిగేది. మొదటి ఆలోచన కేంద్రంలోని ప్రతిని పుట పుటకూ అడిగి చదవడం వంటిది. రెండవది గ్రంథాన్ని అరువు తెచ్చుకొని ఇంట్లో చదవడం వంటిది. మొదటి దానిలో ప్రతి పుటకూ నిరీక్షణ ఉంటుంది. రెండవ దానిలో నిరీక్షణ అంతా ఆరంభంలోనే తీరిపోతుంది. ఈ రెండు మార్గాల మధ్య ఎంపిక తరువాతి కాలంలో తెలుగు గ్రంథాల విషయంలోనూ ఎదురైందని 6వ భాగంలో చూస్తాము.

లైనక్స్ 1991లో మొదలైంది. విండోస్ యంత్రాలతో ఫైళ్లు పంచుకొనే సాంబాకు మూలమైన పనిని ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో 1991-92లలో ప్రారంభించాడు. లైనక్స్ తొలి ఏళ్లలో ఎన్.ఎఫ్.ఎస్. సర్వరు కెర్నల్ వెలుపల ఒక సాధారణ ప్రోగ్రాముగా నడిచేది. 1999 జనవరిలో వచ్చిన 2.2 కెర్నల్‌లో అది కెర్నల్‌లోనే భాగమైంది. దీనితో ఖరీదైన యంత్రాలు కొనలేని విద్యాసంస్థలు, చిన్న బృందాలు మామూలు కంప్యూటరును నిల్వ సర్వరుగా మార్చుకోగలిగాయి. మందగతిని ఎవరికి వారే నిర్ధారించుకోవలసిన అవసరం కూడా అప్పటి నుండే పెరిగింది.

3. రాతకు హామీ

ఎన్.ఎఫ్.ఎస్. రెండవ వెర్షన్‌లో ఒక కఠిన నియమం ఉండేది. 'రాశాను' అని సర్వరు సమాధానం చెప్పాలంటే ఆ సమాచారం అప్పటికే డిస్కుపైకి చేరి ఉండాలి. జ్ఞాపకశక్తిలో ఉంచుకొని తరువాత రాస్తానంటే కుదరదు. దీనివల్ల 70 కిలోబైట్ల పుటచిత్రాన్ని భద్రపరచాలంటే కనీసం 9 రాత అభ్యర్థనలు వెళ్లాలి. ఒక్కొక్కటి డిస్కును చేరిన తరువాతనే సమాధానం వస్తుంది. ఫైలు పరిమాణం, మార్పు కాలం వంటి వివరాలను సవరించడానికి అదనపు డిస్కు రాతలు కూడా అవసరం. ఈ మందగతిని తగ్గించడానికి బ్యాటరీ ఆధారంగా విద్యుత్తు పోయినా నిలిచే జ్ఞాపక ఫలకాలను 1980 దశకం చివరి నుండే సర్వర్లలో అమర్చడం మొదలైంది.

1995 జూన్‌లో ఆర్.ఎఫ్.సి. 1813గా వచ్చిన మూడవ వెర్షన్ ఈ నియమాన్ని తెలివిగా సడలించింది. పాఠక యంత్రం చాలా ముక్కలను వరుసగా పంపి, చివరలో 'అన్నిటినీ స్థిరపరచు' అని ఒక్కసారి అడగవచ్చు. ఆ స్థిరీకరణకు సమాధానం వచ్చేవరకు పాఠక యంత్రం తన ప్రతిని వదలదు. మధ్యలో సర్వరు పడిపోతే మళ్లీ పంపుతుంది. పెద్ద ఫైళ్లకు ఇది ఎంతో మేలు చేసింది. చిన్న ఫైళ్లు వేలసంఖ్యలో ఉన్నప్పుడు మాత్రం ప్రతి ఫైలు సృష్టికీ, ప్రతి స్థిరీకరణకూ నిరీక్షణ మిగిలే ఉంది. 2000లో తొలి నిర్దేశం వెలువడి, 2003లో ఆర్.ఎఫ్.సి. 3530గా సవరించబడిన నాలుగవ వెర్షన్ పలు అభ్యర్థనలను ఒకే సందేశంలో కూర్చే వీలు కల్పించింది. ఒక ఫైలుపై అధికారాన్ని తాత్కాలికంగా పాఠక యంత్రానికే అప్పగించే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. అడిగి చదివే మార్గం తెచ్చుకొని చదివే మార్గం నుండి కొన్ని గుణాలను స్వీకరించడంగా దీనిని చూడవచ్చు.

లైనక్స్ చరిత్రలో ఈ హామీకి సంబంధించిన ఒక మలుపు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. సర్వరు నిర్వాహకుడు 'అసింక్' అనే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే, సమాచారం డిస్కును చేరకముందే సర్వరు 'రాశాను' అని సమాధానం ఇస్తుంది. 'సింక్' ఎంచుకుంటే చేరిన తరువాతనే చెబుతుంది. ఎన్.ఎఫ్.ఎస్. ఉపకరణాల సంపుటిలో 1.0.0 వరకు వచ్చిన వెర్షన్లలో ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే 'అసింక్' అమలయ్యేది. ఆ తరువాతి వెర్షన్లన్నిటిలో 'సింక్' అమలవుతున్నది. కొత్త వెర్షన్‌కు మారినవారికి సర్వరు ఒక్కసారిగా నెమ్మదించినట్లు కనిపించింది. నిజానికి అంతకుముందు వేగంగా కనిపించినది నెరవేరని హామీ ఆధారంగా వచ్చిన వేగం. మందగతి అన్నిసార్లూ దోషం కాకపోవచ్చునని గ్రహించడానికి ఇది మంచి ఉదాహరణ.

4. దారిలోని ఆటంకాలు

నెట్‌వర్క్ దారిలో మందగతిని శాస్త్రీయంగా నిర్ధారించిన తొలి ప్రసిద్ధ ఘట్టం 1986 అక్టోబరులో జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ దారిలో సమాచార ప్రవాహం సెకనుకు 32 కిలోబిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జేకబ్సన్ తీగను నిందించకుండా ప్రవాహాన్ని పరిశీలించాడు. సమాధానం ఆలస్యం కాగానే యంత్రాలన్నీ అదే సమాచారాన్ని మళ్లీ మళ్లీ పంపి దారిని మరింత నింపుతున్నాయని గుర్తించాడు. రద్దీని గమనించి వేగం తగ్గించుకొనే పద్ధతులను 1988లో ప్రచురించాడు. తీగపై సాగే సంభాషణను ఉన్నదున్నట్లు చూపే 'టి.సి.పి. డంప్' అనే సాధనం ఆ ప్రయోగశాలలోనే ఆయన, ఆయన సహచరుల చేతులమీదుగా రూపొందింది. నేటికీ లైనక్స్ నిర్వాహకులకు అదే చివరి సాక్షి.

రెండవ ఘట్టం రెండు మంచి నియమాల కలయికకు సంబంధించినది. చిన్న చిన్న పొట్లాలతో దారి నిండకుండా, ముందుదానికి రసీదు వచ్చేవరకు తరువాతి చిన్న పొట్లాన్ని ఆపమని జాన్ నేగుల్ 1984లో సూచించాడు. రసీదులతో దారి నిండకుండా, కాస్త ఆగి రసీదు పంపే పద్ధతి వేరుగా అమలులోకి వచ్చింది. ఇవి రెండూ కలిసినచోట పంపేవాడు రసీదు కోసం, అందుకొనేవాడు తరువాతి పొట్లం కోసం ఎదురుచూస్తారు. పాత యూనిక్స్ వ్యవస్థల్లో ఈ నిరీక్షణ 200 మిల్లీసెకన్ల వరకు ఉండేది. తీగ ఖాళీగా ఉంటుంది, ప్రాసెసరు ఖాళీగా ఉంటుంది, పని మాత్రం సాగదు. సాంబా ఈ చిన్న పొట్లాల నియమాన్ని పక్కన పెట్టి నడవడానికి కారణం ఇదే.

మూడవది భౌతికమైనది. 1995లో సెకనుకు 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణం వచ్చినప్పుడు రెండు చివరలూ తమ వేగాన్ని పరస్పరం నిర్ణయించుకొనే ఏర్పాటు వచ్చింది. ఒక చివరను చేత్తో స్థిరపరచి మరొక చివరను స్వయంనిర్ణయానికి వదిలితే, ఒకటి ఏకకాలంలో పంపుతూ అందుకుంటుంది, రెండవది ఒకసారి ఒక పనే చేస్తుంది. చిన్న పరీక్షలకు అంతా సవ్యంగా కనిపిస్తుంది. పెద్ద ఫైలు పంపగానే వేగం కూలిపోతుంది. 'తీగ బాగానే ఉంది' అన్న తొలి తీర్పు ఎంత తొందరపాటు కావచ్చో ఈ లోపం నేర్పింది.

5. డిస్కు తిరిగే కాలం

తీగ వేగం గత మూడు దశాబ్దాలలో వందల రెట్లు పెరిగింది. తిరిగే డిస్కు విషయంలో అది జరగలేదు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు సూదికిందికి రావడానికి సగటున అందులో సగం కాలం పడుతుంది. సూది సరైన వలయానికి చేరే కాలాన్ని కూడా కలిపితే, చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు వంద చోట్ల కంటే ఎక్కువగా చదవడం కష్టం.

డిస్కులు పాడైనా సమాచారం నిలిచేందుకు అనేక డిస్కులను కలిపే రెయిడ్ పద్ధతిని ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రతిపాదించారు. అందులోని అయిదవ రకంలో ఒక చిన్న మార్పు రాయడానికి నాలుగు డిస్కు పనులు జరుగుతాయి: పాత సమాచారం చదవడం, పాత సరిచూపు విలువ చదవడం, రెండింటినీ కొత్తగా రాయడం. ఇక్కడ కూడా భద్రతకు నిరీక్షణయే మూల్యం.

లైనక్స్‌లో చదవడమే రాయడంగా మారిన విచిత్రం మరొకటి ఉంది. యూనిక్స్ సంప్రదాయంలో ప్రతి ఫైలుకూ 'చివరిసారి ఎప్పుడు చదివారు' అన్న కాలం నమోదవుతుంది. అంటే ఒక పుట చదివిన ప్రతిసారీ డిస్కుపై ఒక చిన్న రాత జరగవలసి ఉండేది. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుండి ఈ నమోదును అవసరమైనప్పుడే చేసే పద్ధతి సాధారణ నియమమైంది.

కొలత కూడా తప్పుదారి పట్టించవచ్చు. లైనక్స్ చూపే 'లోడ్' అంకెలో ప్రాసెసరు కోసం వేచిన పనులతోపాటు డిస్కు కోసం వేచిన పనులు కూడా చేరుతాయి. నెట్‌వర్క్ నిల్వ స్పందించనప్పుడు ప్రాసెసరు ఖాళీగా ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. దానిని చూసి ప్రాసెసరు చాలడం లేదని భావించి కొత్త యంత్రం కొన్నా ఫలితం ఉండదు. ఆ అంకెను 'ఐ.ఓ.స్టాట్' చూపే డిస్కు నిరీక్షణ కాలంతో కలిపి చదవాలి.

6. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా: పుటకొక ఫైలు

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ఆయన ప్రోత్సాహంతో 2000 దశకం తొలి ఏళ్లలో పది లక్షల గ్రంథాలను డిజిటల్ రూపంలోకి తెచ్చే పథకం మొదలైంది. దాని భారతీయ రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, 1998లో స్థాపితమైన హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. ఇందులో ప్రధాన పాత్ర వహించాయి. 2007 నవంబరు నాటికి భారత్, చైనా తదితర దేశాలలో కలిపి 15 లక్షల గ్రంథాలు స్కాన్ అయినట్లు కార్నెగీ మెలన్ ప్రకటించింది. తెలుగు పరిశోధనకు ఇది అపూర్వమైన సంపద.

ఈ గ్రంథాలయంలో పుటలను అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో నలుపు తెలుపు టిఫ్ చిత్రాలుగా భద్రపరిచారు. భద్రత దృష్టితో ఇది ఉత్తమ నిర్ణయం. అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు గల పుటలో ఈ లెక్కన దాదాపు 1 కోటి 68 లక్షల చుక్కలు ఉంటాయి. కుదించకపోతే అది 2 మెగాబైట్లకు పైనే. ఫ్యాక్స్ యంత్రాల కోసం పుట్టిన కుదింపు పద్ధతివల్ల అది పదుల కిలోబైట్లకు తగ్గుతుంది. పుటకొక ఫైలు కావడంవల్ల ఒక పుట చెడినా మిగిలిన గ్రంథం సురక్షితం.

అయితే చదువరికి కూడా పుటకొక ఫైలుగానే గ్రంథం అందేది. సాధారణ బ్రౌజరు టిఫ్ చిత్రాలను చూపదు కనుక దానికి అదనపు సాధనం అమర్చుకోవాలి. ఆ పైన పుట పుటకూ నొక్కి, వచ్చేవరకు వేచి చదవాలి. భద్రపరచడానికి ఎంచుకున్న రూపమే చదవడానికి కూడా రూపమైంది. అడిగి చదివే మార్గంలోని జాప్యమంతా పాఠకునిపై పడింది. దీనికి పాఠకులే ఒక పరిష్కారం వెదుక్కున్నారు. గ్రంథసంఖ్య ఇస్తే పుటలన్నిటినీ వరుసగా దింపి ఒకే పి.డి.ఎఫ్.గా కూర్చే చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. సత్యనారాయణన్ బృందం రెండు దశాబ్దాల ముందు ఎంచుకున్న 'తెచ్చుకొని చదివే' మార్గానికే మన పరిశోధకులు తమ అవసరంకొద్దీ చేరుకున్నారన్నమాట.

ఈ పనికి ఊహించని ఫలితం ఒకటి ఉంది. తరువాతి కాలంలో కాపీహక్కుల అభ్యంతరాల నేపథ్యంలో ఆ జాలస్థలి అందుబాటులో లేకుండా పోయింది. అప్పటికే కార్ల్ మాలముద్ నేతృత్వంలోని పబ్లిక్ రిసోర్స్ కృషితో నాలుగు లక్షలకు పైగా గ్రంథాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. అక్కడ తెరకు తగిన పరిమాణంలో పుట కనిపిస్తుంది. కావాలంటే గ్రంథమంతా ఒకే ఫైలుగా దిగుతుంది. మందగతిని తప్పించుకోవడానికి పుట్టిన ప్రతులే గ్రంథాలు కనుమరుగు కాకుండా కాపాడాయి. వేగం, భద్రత ఇక్కడ ఒకే దారిలో నడిచాయి. ఎప్పుడూ అలా జరగదని తరువాతి భాగం చూపుతుంది.

7. బాన్సువాడ అనుభవం: నిర్ధారణ క్రమం

బాన్సువాడలో మేము కొందరు మిత్రులం చుట్టుపక్కల గ్రామాల నుండి చేతిరాత పాటల పుస్తకాలు, భజన సంకలనాలు, పాత పత్రికలు అడిగి తెచ్చి, స్కాన్ చేసి, తిరిగి ఇచ్చే పని చేస్తున్నాము. చిత్రాలన్నీ డెబియన్ కుటుంబానికి చెందిన లైనక్స్ నడిచే ఒక పాత కంప్యూటరులో, మూడు డిస్కుల రెయిడ్‌పై ఉండేవి. సుమారు 30,000 పుటలు చేరాక దాని వేగం భరించలేనంతగా పడిపోయింది. ఫోల్డరు తెరవడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆదివారాలు కొన్ని మరీ అధ్వాన్నంగా గడిచేవి.

మొదట ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉండేది. ఒకరు డిస్కు అన్నారు, ఒకరు వోల్టేజీ అన్నారు, మరొకరు లైనక్సే అన్నారు. చివరకు పాఠపరిష్కర్త పద్ధతిని పాటించాము. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ఒక కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పోల్చి చూపించేవాడు. తప్పు ఎక్కడ ప్రవేశించిందో తెలియాలంటే ప్రతులను ఒక్కొక్కటిగా సరిపోల్చాలి. అలాగే సర్వరు డిస్కును విడిగా, తీగను విడిగా, రెండూ కలిసిన నిల్వను విడిగా కొలిచాము. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ కొలిచి, పుస్తకంలో రాసుకున్నాము.

మొదటి కొలత తీగది. 'ఐపెర్ఫ్' సాధనం డిస్కును తాకకుండా జ్ఞాపకం నుండి జ్ఞాపకానికి సమాచారం పంపి చూస్తుంది. సెకనుకు 1000 మెగాబిట్లు మోయవలసిన దారి 94 మాత్రమే మోసింది. ఆ అంకే కారణాన్ని సూచించింది. గిగాబిట్ వేగానికి తీగలోని నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత తెగిన పాత కేబులువల్ల యంత్రాలు మౌనంగా తక్కువ వేగానికి దిగిపోయాయి. కేబులు మార్చాక 940 వచ్చింది.

పెద్ద ఫైళ్లు వేగంగా కదిలాయి, ఫోల్డరు మాత్రం అంతే నెమ్మదిగా తెరుచుకుంది. లెక్క వేస్తే కారణం స్పష్టమైంది. 70 కిలోబైట్ల చొప్పున 30,000 పుటలంటే 2.1 గిగాబైట్లు. గిగాబిట్ తీగకు అది 20 సెకన్ల పని కూడా కాదు. కాని ఒక్కొక్క ఫైలు కోసం డిస్కు 10 మిల్లీసెకన్లు వెదికితే 300 సెకన్లు. ఫోల్డరు తెరిచిన ప్రతిసారీ పాఠక యంత్రం సూక్ష్మచిత్రాలను చూపడానికి ప్రతి ఫైలునూ తెరుస్తున్నది. మేము అడిగింది పేర్ల జాబితా, యంత్రం అడుగుతున్నది గ్రంథాలన్నీ. పుస్తకానికొక ఫోల్డరు చేసి, సూక్ష్మచిత్రాలు ఆపి, చదువరుల కోసం పుస్తకానికొక పి.డి.ఎఫ్. వేరుగా ఉంచాము. ఆ సమస్య తీరింది.

ఆదివారాల రహస్యం పాత నమోదులను చూస్తే బయటపడింది. డెబియన్ ఏర్పాటు ప్రకారం ప్రతినెల మొదటి ఆదివారం తెల్లవారుజామున రెయిడ్ డిస్కులన్నిటినీ సరిచూసే పని తనంతట తానే మొదలవుతుంది. పెద్ద డిస్కులపై అది పగలంతా సాగుతుంది. మాకు కళాశాల సెలవు కనుక స్కానింగు కూడా ఆదివారమే. అది దోషం కాదు, యంత్రం తన భద్రతను తాను పరీక్షించుకోవడం. మేము ఆ పనిని ఆపలేదు. మొదటి ఆదివారం స్కానింగును మానుకున్నాము.

నాలుగవ అనుభవాన్ని చెప్పడం కొంత ఇబ్బందికరమే. కొత్త పుటలను సర్వరులోకి చేర్చడం ఇంకా నెమ్మదిగానే ఉండేది. 'అసింక్' పెడితే వేగం పెరుగుతుందన్న సలహా చదివి, నేనే ఆ మార్పు చేశాను. వేగం అనేక రెట్లు పెరిగింది. నాలుగు రోజుల తరువాత కరెంటు పోయింది. యంత్రం తిరిగి లేచాక ఒక చేతిరాత బతుకమ్మ పాటల పుస్తకంలోని 11 పుటల ఫైళ్లు పేర్లతో మాత్రమే మిగిలాయి, వాటి పరిమాణం సున్నా. సర్వరు 'రాశాను' అని చెప్పింది కనుక స్కానింగు కంప్యూటరు తన ప్రతులను అప్పటికే తొలగించింది. పుస్తకాన్ని కూడా యజమానురాలికి తిరిగి ఇచ్చేశాము. ఆమె మళ్లీ ఇవ్వడానికి అంగీకరించింది కనుక ఆ పుటలు మనకు మిగిలాయి. ఎక్కడా దోష సందేశం రాలేదు. ఆ ఫోల్డరును ఆ వారం తెరిచి ఉండకపోతే, సంవత్సరాల తరువాత ఎవరో పరిశోధకుడు ఆ పుటలు 'లభ్యం కాలేదు' అని రాసుకొని ఉండేవాడు.

'సింక్'కు తిరిగి వచ్చాము. వేగాన్ని వేరే చోట వెదికాము. స్కానింగు ఇప్పుడు ముందుగా స్థానిక డిస్కులో జరుగుతుంది. రాత్రి 'ఆర్‌సింక్' ద్వారా సర్వరుకు ప్రతి వెళుతుంది. ఇది సాంబాను ప్రారంభించిన ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేసిన సాధనం. రెండు ప్రతుల సరిచూపు విలువలు సమానమని తేలేవరకు స్థానిక ప్రతిని తొలగించము, మూలపుస్తకాన్ని తిరిగి ఇవ్వము. సర్వరుకు యు.పి.ఎస్. అమర్చాము. రాత ఇప్పటికీ నెమ్మదే. అది రాత్రి జరుగుతుంది కనుక ఎవరూ దానికోసం ఎదురుచూడటం లేదు.

8. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, 1985 నుండి నేటివరకు నెట్‌వర్క్ నిల్వ పద్ధతులలో జరిగిన ముఖ్యమైన మార్పులలో అధికభాగం అభ్యర్థనల సంఖ్యను, ప్రతి అభ్యర్థనకూ జరిగే నిరీక్షణను తగ్గించే దిశగా సాగాయి. అందువల్ల కారణనిర్ధారణలో బాండ్‌విడ్త్‌ను కొలిచి ఊరుకోకుండా జాప్యాన్ని, ఫైళ్ల సంఖ్యను కూడా లెక్కించాలి.

రెండవది, భద్రపరచే రూపం, చదివే రూపం ఒకటే కానవసరం లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎంచుకున్న టిఫ్ పుట భద్రతకు సరైనది. చదువరికి గ్రంథం మొత్తంగా అందే రూపం వేరుగా ఉండాలి. నేడు తెలుగు శాఖలు, గ్రంథాలయాలు చేపడుతున్న డిజిటలీకరణ పనులలో ఈ రెండింటికీ మొదటి నుండే వేర్వేరు ఏర్పాటు చేయడం అవసరం.

మూడవది, మందగతిలో కొంత భాగం దోషం, కొంత భాగం హామీ. తెగిన కేబులు దోషం. డిస్కు చేరేవరకు ఆగి చెప్పే 'రాశాను' హామీ. ఏది ఏదో తెలియకుండా వేగం పెంచేవాడు ఏ పాఠాన్ని పణంగా పెడుతున్నాడో అతనికి తెలియదు. ఈ నిర్ణయాన్ని సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలివేయడం తగదు. మరొక ప్రతి లేని చేతిరాత పుస్తకానికీ, మళ్లీ దించుకోగల ముద్రిత గ్రంథానికీ మధ్య తేడా చెప్పగలిగినవారు సాహిత్య విద్యార్థులే.

ఒక పాటల పుస్తకంలోని 11 పుటలు రెండవసారి మా చేతికి వచ్చాయి. అన్ని పుటలకూ ఆ అవకాశం దొరకదు.